ఈనిన ఆవులో రోగనిరోధక శక్తి, గర్భాశయ ఆరోగ్యం: నరసన్నపేట ప్రాంత మేత నేపథ్యంలో సమీక్ష

సారాంశం

ఈనిన ఆవు గర్భాశయంలోకి సూక్ష్మజీవులు చేరడం దాదాపు తప్పదు. వాటిని వదిలించుకోలేని ఆవుకే జబ్బు చేస్తుంది. ఆ శక్తి ఈనకముందే సన్నగిల్లుతుంది కాబట్టి నివారణ కూడా చూడి చివరి వారాల మేతతోనే మొదలుకావాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: గర్భాశయ వాపు, న్యూట్రోఫిల్ కణాలు, కాల్షియం, వరిగడ్డి

1. నేపథ్యం

వంశధార ఆయకట్టు ప్రాంతమైన నరసన్నపేట పరిసరాల్లో వరిగడ్డే ముఖ్యమైన ఎండుమేత. అందులో మాంసకృత్తులు సుమారు 3–5 శాతమే. పైగా దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పాలు ఎక్కువిచ్చే సంకరజాతి ఆవుకు ఈ లోటు ఈనిన రోజుల్లోనే గట్టిగా తగులుతుంది.

2. రక్షణ ఎందుకు సడలుతుంది?

ఈనిన రెండు వారాల్లో 80 నుంచి 100 శాతం ఆవుల గర్భాశయాల్లో బ్యాక్టీరియా ఉంటుంది. సాధారణంగా మొదట ఈ. కోలై, తర్వాత ట్రూపెరెల్లా పయోజెనిస్ వంటివి బలపడతాయి. గర్భాశయ లోపొర కణాలు ఈ. కోలై విషాన్ని టీఎల్ఆర్-4 గ్రాహకాలతో పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్-8ను విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందుకుని న్యూట్రోఫిల్ కణాలు రక్తం నుంచి అక్కడికి చేరి బ్యాక్టీరియాను మింగేస్తాయి.

అయితే ఈనడానికి ఒకటి రెండు వారాల ముందు నుంచి, ఈనాక రెండు మూడు వారాల దాకా ఈ కణాల చురుకు తగ్గుతుంది. అప్పుడు ఆవు మేత తగ్గిస్తుంది; ఒంటి కొవ్వు కరిగి కీటోన్లు పెరుగుతాయి; జున్నుపాలలోకి కాల్షియం తరలిపోతుంది. న్యూట్రోఫిల్ కదలడానికీ, సూక్ష్మజీవిని చంపడానికీ కాల్షియం కావాలి. మాయ విడిపోవడం వెనుకా రోగనిరోధక కణాల పాత్ర ఉంది. మాయ పడని ఆవుల్లో న్యూట్రోఫిల్ పనితీరు ఈనకముందే తగ్గి ఉందని 2002లో కిమురా బృందం అమెరికాలో చూపింది.

3. గుర్తింపు

2006లో షెల్డన్ బృందం ఇచ్చిన నిర్వచనాల ప్రకారం, ఈనిన 21 రోజుల్లోపు దుర్వాసనతో ఎర్రటి పలచని స్రావం, 39.5 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరం, నీరసం ఉంటే అది తీవ్రమైన గర్భాశయ వాపు. 21 రోజుల తర్వాత చీము కనబడితే లోపొర వాపు. పైకి ఏ లక్షణమూ కనబడని వాపు కూడా ఉంటుంది. అలాంటి ఆవు ఎదకొచ్చినా తరచూ చూడి కట్టదు.

4. ఆచరణ

చూడి చివరి మూడు వారాల్లో వరిగడ్డికి తోడు పచ్చిమేత, తవుడు, చెక్క అందాలి. కాల్షియం మందులు మాత్రం ఈనకముందు అతిగా పోయకూడదు. ఎముకల నుంచి కాల్షియం తీసుకునే సహజ ఏర్పాటు దానివల్ల మందగిస్తుంది. ఆ మందులు ఈనిన వెంటనే పశువైద్యుల సలహాతో ఇవ్వాలి. ఈనే చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. పడని మాయను చేత్తో లాగితే లోపొరకు గాయమై ముప్పు పెరుగుతుంది. ఈనాక పది రోజులపాటు జ్వరం చూస్తే జబ్బును తొలిదశలోనే పట్టుకోవచ్చు. యాంటీబయాటిక్‌లు రోగనిర్ధారణ అయ్యాకే వాడాలి.

5. ముగింపు

గర్భాశయానికి వేసే మందు మేతలోని లోటును పూడ్చలేదు. వరిగడ్డి మీద బతికే ఇక్కడి ఆవుల్లో ఈనడానికి ముందూ తర్వాతా కాల్షియం, కీటోన్ల స్థాయిలను కొలిచి, మూడో వారంలో గర్భాశయ స్థితితో పోల్చే అధ్యయనం అవసరం. విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల ఈ పనికి తగిన వేదిక. ఆ ఫలితాలు చేతికొస్తే రైతుకు ఈ నేలకు సరిపోయే మేత సలహా ఇవ్వగలం.