చదరంగపు గళ్లలో ఇరవై అంకెలు

విజయవాడలో తెలుగు పండితునిగా పనిచేసిన రోజుల్లో పావులూరి మల్లన పద్యమొకటి పిల్లలకు చెబుతూ ఉండేవాణ్ణి. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 18446744073709551615. వెయ్యి వడ్లగింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకొంటే, ఇప్పుడు ప్రపంచమంతా పండించే వడ్లు నాలుగు వందల ఏళ్లు పోగుచేసినా ఆ గళ్లు నిండవు. మల్లన ఈ ఇరవై అంకెలను ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు.

అంకెకు బదులు వస్తువు పేరు చెప్పే భూతసంఖ్యా పద్ధతి అది. మన్మథుని శరములు అయిదు, వేదములు నాలుగు, చంద్రుడొకడు. ఆ పదాలను విప్పి కుడి నుంచి ఎడమకు రాయించేవాణ్ణి. ఒకనాడు ఒక పిల్లవాడు, "ఎడమ నుంచి రాస్తే తప్పేమిటి మాస్టారూ?" అన్నాడు. "అంకానాం వామతో గతిః" అని చెప్పి కూర్చోబెట్టాను. నేను చెప్పింది నియమం, వాడడిగింది కారణం.

కారణం లెక్కలోనే ఉంది. గడిగడికీ వచ్చే మొత్తాలు 1, 3, 7, 15, 31, 63, 127, 255. చివరి అంకెలు 1, 3, 7, 5 అనే వరుసలోనే తిరుగుతాయి. 64 నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది గనుక ఒకట్ల స్థానంలో 5 ఉండి తీరాలి. పద్యంలో మొదటి పదం శరము, చివరిది చంద్రుడు. ఎడమ నుంచి రాస్తే సంఖ్య 1తో ముగుస్తుంది, అది పొసగదు.

మల్లన పదకొండవ శతాబ్దివాడని ప్రసిద్ధి. ఆయన పావులూరు కమ్మనాటిది, అంటే కృష్ణకు దక్షిణపు సీమ. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని ఆయన తెనిగించాడు. ఈ సంఖ్యను మనవారే మొదట కనిపెట్టారని చెప్పబోను, క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్ బెరూనీ దీనిని గుణించి చూపాడు. మల్లన ఘనత వేరు. పద్యంలో రెండు అయిదులు పక్కపక్కనే వస్తాయి. మొదటిది శరము, రెండవది సాయకము. ఆ రెండవది యతిస్థానం. పాదాదినున్న శకారానికి సకారం చెల్లుతుంది. ఆరును ఒకచోట షట్కమన్నాడు, మరొకచోట తర్కమన్నాడు. అక్కడ పాదాదినున్న ధకారానికి తకారం కావాలి. ఆ చోట్ల లేఖకుడు పదం మార్చితే యతి తప్పి, దోషం బయటపడుతుంది. అంకెలకు ఛందస్సు కొంత కాపలా అన్నమాట.

ఈ సంఖ్యలో మరొక చిత్రమున్నది. రెండును ఆరుమార్లు వర్గించి ఒకటి తీసివేస్తే ఇదే వస్తుంది. అందుచేత ఇది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధం. చివరి ఆరవది కూడా అవిభాజ్యమేనని పదిహేడవ శతాబ్దిలో ఫెర్మా భావించాడు. అది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపాడు. నేటి కంప్యూటరు ధన, రుణ గుర్తులు లేకుండా 64 బిట్లలో దాచగల అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే.

ఫెర్మా అంతటివాని మాటనే ఒకరు లెక్కవేసి సరిచూశారు. మా తరగతిలో ఆ పిల్లవాడు చేయబోయినదీ అదే. నేను శ్లోకపాదంతో వాడి నోరు మూయించాను. వాడికి బాకీపడిన జవాబు ఇది.