చేతిఫోను ఆయుర్దాయము

అటకమీద మూలబడిన పాత వాల్వు రేడియో సెట్టు నొకదానిని క్రిందికి దింపినారనుకొందము. దుమ్ము దులిపి, మాడిపోయిన వాల్వు మార్చి, ఏరియలు తగిలించినచో, మీడియం వేవ్ ప్రసారము అందు ఊరిలో అది నేడును పలుకును. 1950లలో తయారైన సెట్టైనను అంతే. దానిని చేసిన కంపెనీ మూతపడి ముప్పది యేండ్లు గడచినను దానికి వచ్చిన లోటు లేదు. వాల్వు దొరికి, మరమ్మతు చేయువానికి పని తెలిసియున్న చాలును. స్మార్ట్‌ఫోను సంగతి అట్టిది కాదు. అద్దము పగులక, బ్యాటరీ చెడక, చూచుటకు కొత్తదానివలెనే యున్న ఫోనుకు కూడ ఒకానొక దినమున కాలము చెల్లును. ఆ దినమును నిర్ణయించువాడు వాడుకొనువాడు కాదు, మరమ్మతు చేయువాడును కాదు; తయారుచేసినవాడు. ఈ అధికారమునకు హద్దులు ఎట్లు ఏర్పడుచు వచ్చినవో నేడు ముచ్చటింపదలచితిమి.

ఫోనుకు కంపెనీ పంపు సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు రెండు తెరగులు. మొదటిది కొత్త వెర్షను: కొత్త రూపు, కొత్త సౌకర్యములు. ఇది రాకున్నను ఇల్లు గడచును. రెండవది భద్రతా సవరణ, అనగా లోపల బయటపడిన కన్నమును పూడ్చుట. ఆ పని ఇంటివారివల్ల కాదు. దానికి కావలసిన సాధనములు కంపెనీవద్దనే యుండును. ఈ సవరణ ఆగిన నాడు ఫోను ఊరక పడిపోదు. మాట వినబడును, పాట పాడును. కాని బ్యాంకి లెక్కలు, స్వంత ఉత్తరములు, బిడ్డల ఫొటోలు అన్నియు ఆ కన్నమున్న గదిలోనే దాచుకొనవలసి వచ్చును. కొన్నాళ్లకు యాప్‌లు కూడ మొగము చాటు చేయును. 2023 అక్టోబరు 24తో వాట్సాప్, ఆండ్రాయిడ్ 5.0 కంటె పాత వెర్షనులున్న ఫోనులకు సెలవు చెప్పినది.

తొలినాళ్లలో ఎవ్వరును గడువు చెప్పలేదు. ఆపిల్ కంపెనీ 2007లో విడుదల చేసిన మొదటి ఐఫోనుకు 2010 ఆరంభముతోనే కొత్త వెర్షనులు ఆగిపోయినవి. ఆండ్రాయిడ్ ఫోనుల చిక్కు వేరు. గూగుల్ రచించిన వెర్షను మొదట చిప్పు చేయువారి చేతికి పోవలెను. వారు దానిని తమ చిప్పుకు అనువుగా సవరింపవలెను. పిమ్మట ఫోను కంపెనీ తన మార్పులు చేయవలెను. అమెరికా వంటి దేశములలో టెలిఫోను కంపెనీలును పరీక్షించి సరే యనవలెను. ఈ వరుసలో ఏ ఒక్కరు చేయి ముడుచుకొన్నను సవరణ ఆ ఫోనుకు చేరదు. నేరమెవరిదని అడిగినచో ప్రతివారును పక్కవానిని చూపుదురు.

2011 మే నెలలో గూగుల్ ఒక కూటమిని ప్రకటించినది. శామ్‌సంగ్, హెచ్.టి.సి., ఎల్.జి., మోటొరోలా వంటి ఫోను కంపెనీలును, వొడాఫోన్ మొదలగు టెలిఫోను కంపెనీలును అందు చేరినవి. కొత్త ఫోనులకు 18 నెలలపాటు కొత్త వెర్షనులు అందజేయుదుమని వారి మాట. ఫోనులోని యంత్రసామగ్రి అందుకు తగినదైనచో అని ఒక మినహాయింపు. ఆ కూటమి పేరు తరువాత క్రమముగా మరుగునపడినది. 18 అను అంకె మాత్రము నిలిచినది.

అది నిలిచి ఏమి చేసినదో గెలాక్సీ నెక్సస్ అను ఫోను కథ చెప్పును. గూగుల్ కొరకు శామ్‌సంగ్ తయారుచేయగా 2011 నవంబరులో ఈ ఫోను అంగళ్లకు వచ్చినది. ఆండ్రాయిడ్ 4.0తో వెలువడిన మొదటి ఫోను ఇదియే. గూగుల్ పేరు మోసినది గనుక సవరణలు అందరికంటె ముందు దీనికి వచ్చుననియే కొన్నవారి నమ్మకము. 2013 అక్టోబరు 31న ఆండ్రాయిడ్ 4.4 వెలువడినది. గెలాక్సీ నెక్సస్‌కు అది రాదని, 18 నెలల గడువు దాటినదని గూగుల్ చెప్పినది. వింత యేమనగా, 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి గల చిన్న ఫోనులలో కూడ నడచునట్లు ఆ వెర్షనును ప్రత్యేకముగా తేలికపరచిరి; గెలాక్సీ నెక్సస్‌కు ఉన్నది అంతకు రెట్టింపు, ఒక గిగాబైటు. తెరవెనుక సంగతి మరొకటి కలదు. దాని చిప్పును చేసిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 2012లోనే ఫోను చిప్పుల వ్యాపారమునుండి తప్పుకొనినది. వరుసలో ఒకరు లేచిపోయిరి, గొలుసు తెగినది. అంతలో సయనోజెన్‌మాడ్ అను పేర కలిసి పనిచేయు ఔత్సాహికులు ఆ వెర్షనునే ఆ ఫోనుకు అమర్చి చూపించిరి. ఫోనుకు శక్తి చాలక కాదు, పూనుకొనువారు లేక ఆగినదని అప్పుడు స్పష్టమైనది. ఆ కాలమున ఫోనుల శక్తి ఏటేట పెరుగుచుండుట నిజమే. తయారీదారుల సాకు పూర్తిగా బూటకమని మేము అనము. ఈ ఒక్క ఫోను విషయమున మాత్రము అది నిలువలేదు.

2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అను లోపము బయటపడినది. ఒక చిత్రసందేశము పంపినంత మాత్రమున ఫోను పరుల వశమగుటకు అవకాశమున్నదని పరిశోధకులు చెప్పిరి. దాదాపు 95 కోట్ల ఫోనులకు ఈ ముప్పు కలదని వారి అంచనా. తరువాతి నెలలోనే గూగుల్, శామ్‌సంగ్ కంపెనీలు నెలనెల భద్రతా సవరణలు పంపుదుమని ప్రకటించినవి. అప్‌డేటు కొనుగోలుదారునకు చేయు మర్యాద కాదు, తీర్పవలసిన బాకీ అను భావము అప్పటినుండి బలపడినదని మా అభిప్రాయము.

అయితే వచ్చిన ప్రతి అప్‌డేటు మేలే చేయునని తలపరాదు. 2018 అక్టోబరులో ఇటలీ దేశపు పోటీ వ్యవహారముల సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసినది. పాత ఫోనులు భరింపలేని వెర్షనులను ఎక్కింపుడని వాడుకరులను ప్రేరేపించి, ఫోనులు మందగించుటకు కారకులైరని అభియోగము. కావున ఏండ్లు లెక్కించుట మాత్రమే చాలదు. అదే ఆపిల్, 2013లో విడుదలైన ఐఫోను 5ఎస్‌కు 2023 జనవరిలో కూడ భద్రతా సవరణ పంపినది. తొమ్మిదేండ్లు దాటిన సేవ! అంత సేవ చేయుదుమని ముందుగా మాట ఇచ్చినది మాత్రము కాదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫెయిర్‌ఫోన్ అను చిన్న కంపెనీ ఇందుకు భిన్నమైన త్రోవ పట్టినది. 2015 డిసెంబరులో అది అమ్మనారంభించిన రెండవ ఫోను ఆండ్రాయిడ్ 5తో వచ్చినది. చిప్పు చేసినవారి సాయము ఆండ్రాయిడ్ 6తో ముగిసినది. అయినను ఆ కంపెనీవారు స్వయముగా శ్రమించి 2021లో ఆండ్రాయిడ్ 9ని దానికి అందించి, 2023 మార్చివరకు సవరణలు పంపిరి. పెద్ద కంపెనీలు కాదన్న పని ఇది.

2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనుకు ఏడేండ్లు అన్నది. 2024 జనవరిలో శామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్24కు అదే మాట చెప్పినది. పండ్రెండేండ్లలో 18 నెలలు 84 నెలలైనవి. వినుటకు గొప్పగానే యున్నది. కాని ఆ లెక్క ఏనాటినుండి? ఫోను లోకమున మొదట విడుదలైన నాటినుండి. మీరు కొన్న నాటినుండి కాదు. కొత్త నమూనాను మొదటి వారమున కొన్న ధనికునకు ఏడేండ్లును దక్కును. రెండేండ్లు ఆగి, పండుగ తగ్గింపులో అదే ఫోనును పెట్టె విప్పకుండ కొన్న గుమాస్తాకు దక్కునవి అయిదే. ఇక చవక నమూనాలకు వాగ్దానమే తక్కువ. ఆ కొద్దిలోనుండియే ఈ కోత. ఏండ్ల సంఖ్యకంటె ఈ లెక్క మొదలగు తేదీయే ముఖ్యమని మేము తలచుచున్నాము.

ఈ కిటుకును యూరోపియన్ యూనియన్ పట్టుకొనినది. 2025 జూన్ 20నుండి అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, ఒక నమూనాలోని చివరి ఫోను మార్కెట్టుకు వచ్చిన తేదీనుండి కనీసము అయిదేండ్లు అప్‌డేట్లు ఉచితముగా అందవలెను. ఆలస్యముగా కొన్నవానికి ఇది అండ. అయితే ఆ పాఠములో, తయారీదారులు అప్‌డేట్లు ఇచ్చునట్లయితే, అను షరతు ఒకటి చొరబడినది. దానిని అడ్డము పెట్టుకొని తప్పుకొనుటకు సందున్నది. బ్రిటను చట్టము 2024 ఏప్రిల్ 29నుండి అమలులోనున్నది. అది ఇన్నేండ్లని నిర్బంధింపదు. భద్రతా సవరణలు ఎంతకాలము ఇత్తురో ముందుగా ప్రకటింపుడని మాత్రము ఆదేశించును.

మన దేశమున కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2024లో ఒక సంఘమును నియమించినది. ఫోనులకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచిక నిర్ణయించుట దాని పని. 2025 మేలో సమర్పించిన నివేదికలో, విడిభాగముల లభ్యతతోపాటు సాఫ్ట్‌వేరు అప్‌డేట్లను కూడ ఒక ప్రమాణముగా లెక్కించిరి. ఫోను పెట్టెమీద తయారైన నెల, సంవత్సరము అచ్చువేయవలెనని మనకు నిబంధన ఇదివరకే కలదు. పండుగకు ఫోను కొనబోవు శ్రోతలు ఆ తేదీని చూచి, ఆ నమూనా మొట్టమొదట ఎప్పుడు విడుదలైనదో, భద్రతా సవరణలు ఏ నెలవరకు వచ్చునో అంగడివానిని అడిగి, అతని జవాబును బిల్లుమీద వ్రాయించుకొనవచ్చును.