పదకొండో రోజు పొద్దున

చదువు మధ్యలో ఆగిపోయి మళ్లీ యూనివర్సిటీకి వెళ్లేవాళ్ల కష్టం వేరుగా ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు స్కాలర్‌షిప్పో, హాస్టలో, ఎవరో ఒక బాబాయి ఇల్లో ఉంటుంది. రెండోసారి ఇవేవీ ఉండవు. వయసు పెరిగుంటుంది, ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు ఉండొచ్చు, జేబులో లెక్కపెట్టుకున్న డబ్బు. ఊళ్లోకి దిగి గది వెతుక్కోవాలి.

అంబేద్కర్‌ని ఇలా గది వెతుక్కుంటున్న మనిషిగా మనం పెద్దగా ఊహించుకోం. మన కూడళ్లలో ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటారు, చంకలో పుస్తకంతో, వేలు చాపి. కానీ మూడేళ్ల తేడాతో ఆయన రెండు ఊళ్లలో తలదాచుకునే చోటు కోసం తిరిగారు. 1917లో బరోడా, 1920లో లండన్. ఒకటి చదువు ఆపి తిరిగొచ్చినప్పుడు, ఇంకోటి ఆగిన చదువు కోసం తిరిగెళ్లినప్పుడు. ఈ రెండు గదుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా కాలంగా ఉంది.

బరోడా కథ ఆయనే రాసుకున్నారు, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. మరుసటి ఏడాది స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు సగంలో ఉంది. చదువు అయ్యాక సంస్థానంలో పనిచేస్తానని ముందే ఒప్పంద పత్రం రాసిచ్చి ఉన్నారు కాబట్టి 1917లో బరోడా వచ్చి దిగారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు. స్టేషన్లో దిగాక ఒకటే ప్రశ్న: ఎక్కడికెళ్లాలి? విదేశాల్లో ఉన్నన్నాళ్లూ తాను అంటరానివాణ్ననే సంగతే మర్చిపోయాననీ, స్టేషన్ బయటికొచ్చాక అది మళ్లీ గుర్తొచ్చిందనీ ఆయన రాస్తారు. హిందూ హోటళ్లు చేర్చుకోవు. చేరాలంటే కులం దాచాలి. తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్నారు గానీ, వాళ్లింటి గుమ్మం ముందు నిలబడి కాదనిపించుకోవడానికి మనసొప్పలేదు.

పార్సీల సత్రం ఒకటుందని తెలిసి టాంగా కట్టించుకుని అక్కడికెళ్లారు. పార్సీల మతంలో అంటరానితనం లేదు కదా అన్నది ఆయన ధీమా. సత్రం చూసుకునే మనిషి ఈయన పార్సీ కాదని కనిపెట్టి, పార్సీలకి తప్ప ఇంకెవరికీ ఇవ్వడానికి లేదన్నాడు. అయితే సత్రంలో మనుషులెవరూ లేరు. వాడికీ నాలుగు డబ్బులు కావాలి. బేరం కుదిరింది: రిజిస్టర్లో ఒక పార్సీ పేరు రాస్తారు, గది, భోజనం కలిపి రోజుకి రూపాయిన్నర.

పేరు మార్చుకుంటే దొరికిన ఆ గదిలో కరెంటు లేదు. ఒక చిన్న లాంతరు. బయట పెద్ద హాలు నిండా విరిగిన బెంచీలు, చెక్కలు, చెత్త. మనిషి అలికిడి ఉండదు. పగలు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పని, రాత్రి ఈ కొట్టంలాంటి చోట లైబ్రరీ పుస్తకాలతో ఒంటరిగా గడపడం. ప్రభుత్వ బంగళా ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నారు. అది ఒక అధికారి బల్ల మీంచి ఇంకో అధికారి బల్ల మీదికి తిరుగుతూ ఉండిపోయింది.

పదకొండో రోజు పొద్దున భోంచేసి, ఆఫీసుకి తయారై, తిరిగివ్వాల్సిన లైబ్రరీ పుస్తకాలు చేతిలోకి తీసుకుంటుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో బస చేయడానికి వచ్చారనుకున్నారాయన. వచ్చింది డజను మంది, అందరూ పార్సీలే, తలా ఒక కర్ర. నువ్వెవడివి, మా సత్రాన్ని ఎందుకు మైల చేశావు అని నిలదీశారు. వారం రోజులు గడువివ్వమని బతిమాలారు. సాయంత్రం లోగా ఖాళీ చెయ్యాలన్నారు.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా బరువుగా అనిపించేది ఆ కర్రలు కాదు, ఆ తర్వాత ఆయన తొక్కిన రెండు గడపలు. ఒక హిందూ స్నేహితుడి దగ్గరికెళ్లారు. ఆయన జాలిపడ్డాడు. కానీ నువ్వు మా ఇంటికొస్తే పనివాళ్లు వెళ్లిపోతారయ్యా అన్నాడు. ఇంకొకరు క్రైస్తవుడు, బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారిన మనిషి. మా ఆవిడ మర్నాడు ఊర్నించి వస్తుంది, ఆవిణ్ని అడిగి చెప్తానన్నాడు. గమనించండి, 'నేను ఇవ్వను' అని ఇద్దరూ అనలేదు. అద్దెకి గది అడిగి తిరిగినవాళ్లెవరికైనా ఈ వాక్య నిర్మాణం బాగా తెలుసు. 'నాకైతే ఏం అభ్యంతరం లేదమ్మా, మా అత్తగారు కాస్త పట్టింపు మనిషి.' 'మాకేం పర్లేదు బాబూ, కింద పోర్షన్ వాళ్లే ఒప్పుకోరు.' కాదనే మనిషి ఎప్పుడూ ఆ గదిలో ఉండడు. పక్క గదిలోనో, పక్క ఊళ్లోనో ఉంటాడు.

బొంబాయి రైలు రాత్రి తొమ్మిదింటికి. ఇంకా ఐదు గంటల టైముంది. కూర్చోడానికి చోటు లేక ఊళ్లో పబ్లిక్ పార్కులో కూర్చున్నారు. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివొచ్చిన మనిషి ఒక నగరంలో ఎవరినీ అడక్కుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే.

తర్వాత మూడేళ్లూ త్వరగా చెప్పుకోవచ్చు. బొంబాయిలో ట్యూషన్లు, 1918 చివర్లో సిడెనహాం కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం, జీతంలో కూడబెట్టిన డబ్బు. సగంలో ఆగిన చదువు పూర్తి చెయ్యడానికి లండన్ స్కూల్ ఇచ్చిన నాలుగేళ్ల గడువు కరిగిపోతోంది. కూడబెట్టింది చాల్లేదు. కొల్హాపూర్ మహారాజు షాహూ కొంత ఇచ్చారు. ఐదు వేల రూపాయలు అప్పిచ్చిన స్నేహితుడు నవల్ భథేనా. కొలంబియా రోజుల నుంచీ దోస్తు, పార్సీ. బరోడాలో కర్రలు పట్టుకొచ్చినవాళ్ల గురించి చదివాక ఈ మాట చెప్పకుండా వదిలేయడం అన్యాయం.

1920 జులైలో ఓడెక్కారు. రమాబాయి, కొడుకు యశ్వంత్ పరేల్‌లో చాల్ గదుల్లోనే ఉండిపోయారు. లండన్‌లో ఆయన అద్దెకున్న చోట్లలో మనకి బాగా తెలిసింది ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్డు, పదో నంబరు ఇల్లు. 1921, 22ల్లో అక్కడున్నారు. ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో లండన్ ఇంటావిడల సంగతి వస్తుంది. పొదుపు మనిషి అనడం మర్యాద, పిసినారి అనడం నిజం. పొద్దున ఒక బ్రెడ్డు ముక్క, కాస్త జామో చేప ముక్కో, ఒక కప్పు టీ. ఆ బలంతో బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్‌కి వెళ్లి, తలుపు మూసేదాకా కూర్చునేవారు. రాత్రి పదయ్యేసరికి కడుపు కాలేది. తెలిసినాయన ఇచ్చిన అప్పడాల కట్ట ఒకటుండేది. అందులోంచి నాలుగు కాల్చుకుని ఒక కప్పు బోవ్రిల్‌తో తినేవారట. అప్పడాలు లెక్కపెట్టుకుని తిన్న రాత్రులు రూమ్‌లలో బతికిన మనకీ తెలిసినవే.

లండన్ స్వర్గమేం కాదు. నల్లవాళ్లకీ గోధుమరంగు వాళ్లకీ గదులివ్వని ఇంటావిడలు ఆ ఊళ్లో కొల్లలు. ఇండియా నుంచొచ్చే కుర్రాళ్లకి దిక్కూమొక్కూ ఉండదని 21 క్రామ్‌వెల్ రోడ్డులో ప్రభుత్వమే ఒక బస నడపాల్సొచ్చింది. కుర్రాళ్ల మీద ఒక కన్నేసి ఉంచడానికి అని విద్యార్థులు అనుమానించేవాళ్లు, అది వేరే కథ. 1924లో మొదటి భాగం వచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' చదివి మనం నవ్వుకుంటాం గదా. టోపీ దగ్గర్నుంచి భోజనాల బల్ల దాకా పార్వతీశానికి తెలీనివి చాలా ఉన్నాయి. గది ఇచ్చేముందు నీ కులమేంటని ఎవరైనా అడుగుతారేమోనన్న బెరుకు మాత్రం వాటిల్లో లేదు.

లండన్ గదిలో అంబేద్కర్‌కి తక్కువైంది డబ్బు. డబ్బయితే అప్పు పుడుతుంది, మళ్లీ తీర్చుకోవచ్చు. బరోడాలో చేతిలో జీతం ఉంది, రోజుకి రూపాయిన్నర ఇవ్వగలరు. అక్కడ అప్పు తెచ్చుకోవాల్సొచ్చింది పేరు. అది పదిరోజులకన్నా నిలవలేదు. ఆకలి రెండుచోట్లా ఉంది నిజమే. కానీ 1921లో ఎమ్మెస్సీ, 1922లో బారిస్టరీ, 1923లో రూపాయి సమస్య మీద డీఎస్సీ, ఇవన్నీ ఆ లండన్ బస రోజుల్లోంచి వచ్చాయి. బరోడా గదిలోంచి వచ్చింది రైలు టికెట్టు.

తిరిగొచ్చాక ఆయన చేసిన పనుల వరస చూడండి. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925 జనవరిలో ఆ సభ షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది, అంటరాని కులాల పిల్లలు హైస్కూల్లో చదువుకోవడానికి. సభ తొలి పనుల్లో అదొకటి. బడి ఉంటే చాలదు, బడి ఉన్న ఊళ్లో పడుకోడానికి చోటుండాలి. మన దగ్గర అప్పటికే కులాలు ఈ సంగతి కనిపెట్టేశాయి. 1918లో, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన ఏడాదే, హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. సురవరం ప్రతాపరెడ్డి కొన్నేళ్లు దాని బాధ్యత చూశారు. తర్వాత వేరే కులాల హాస్టళ్లూ వచ్చాయి. పల్లెల నుంచొచ్చిన ఎంతమందినో అవి చదివించాయి, కాదనలేం. కాకపోతే తన కులం పేరుతో ఒక భవనం కట్టించగల కోత్వాల్ ప్రతి కులానికీ ఉండడు.

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో వివక్షని నిషేధించే అధికరణం చర్చకొచ్చింది. దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల జాబితా అందులో ఉంది. దుకాణం అంటే ఏంటన్న ప్రశ్న వస్తే అంబేద్కర్ ఆ మాటకి చాలా విశాలమైన అర్థం చెప్పారు, సేవ అమ్మే ఎవరికైనా అది వర్తిస్తుందని. 15వ అధికరణంలో హోటల్ అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఆ బరోడా టాంగా గుర్తొస్తుంది. హోటల్ ఉంది గానీ, అద్దెకిచ్చే సొంతిల్లు ఆ జాబితాలో లేదు. 2005లో అహ్మదాబాద్‌కి చెందిన ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, పార్సీలకి మాత్రమే సభ్యత్వం అనే నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సమానత్వపు హామీ రాజ్యానికి వర్తిస్తుంది గానీ ఇలా ఇష్టపడి కూడిన సహకార సంఘానికి కాదని దాని సారాంశం. చిన్న సమాజం తన ఉనికి కాపాడుకోవడానికి అలా అడగడంలో న్యాయం ఉందనేవాళ్లున్నారు. ఆ తీర్పు నీడన నిలబడేవి చిన్న సమాజాలు మాత్రమేనా అన్నది నా అనుమానం.

2015లో సుఖదేవ్ థోరాట్, సహ పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్ల అద్దెల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటి ఓనర్లకి ఫోన్ చేశారు, పేరు వినగానే కులమో మతమో తెలిసేలా. దళితుల పేర్లకి కాదనే జవాబులొచ్చాయి, ముస్లింల పేర్లకి ఇంకా ఎక్కువగా వచ్చాయి. మన చిక్కడపల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టూ-లెట్ బోర్డు చూసి గేటు తీసిన స్టూడెంట్‌కి ఈ అధ్యయనం అక్కర్లేదు. అద్దె ఎంతో చెప్పకముందే 'మీరేమిట్లు?' అనే ప్రశ్న వస్తుంది. బోర్డు మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని ఉంటే ఆ ప్రశ్న గోడకే వేలాడదీసినట్టు. 2020లో హాస్టళ్లు ఖాళీ చేయించి, తర్వాత క్లాసులకి రమ్మన్నప్పుడు, అప్పటిదాకా హాస్టల్ గోడల చాటున ఈ ప్రశ్న తప్పించుకున్న ఎంతోమంది గేటు ముందు నిలబడాల్సొచ్చింది. వాళ్లలో కొందరు ఇంటిపేరు మింగేసి పేరు చెప్పుంటారు. బరోడా సత్రం రిజిస్టర్లో జరిగిన పనే అది.

కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొంది. ఆ నవంబర్‌లో మ్యూజియంగా ప్రధాని ప్రారంభించారు. కానీ ఇల్లుని మ్యూజియంగా మార్చడానికి ముందు స్థానిక కౌన్సిల్ అనుమతి తీసుకోలేదు. ఇరుగుపొరుగు ఒకరిద్దరు సందడి ఎక్కువైందని ఫిర్యాదు చేశారు. అనుమతికి తర్వాత దరఖాస్తు పెడితే కామ్డెన్ కౌన్సిల్ తోసిపుచ్చింది. చెప్పిన కారణం: ఊళ్లో జనం కాపురం ఉండగలిగే చోటు ఒకటి తగ్గిపోతుందని. అప్పీలుకెళ్తే 2020 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం సరేనంది. ఇప్పుడు ఆ ఇల్లు ఎవరైనా వెళ్లి చూడొచ్చు. అద్దెకి మాత్రం ఇవ్వరు.