జీపుబండి జీర్ణోద్ధరణము



దేవాలయము జీర్ణమైనపుడు మన పెద్దలు ముందుగా నొక ప్రశ్న వేసికొందురు: ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు? కప్పు కారినచో కప్పు తిరుగ వేయింతురు. ప్రాకారము కూలినచో రాయి తెచ్చి కట్టింతురు. మూలమూర్తికే భంగము గలిగినపుడు మాత్రము కళను కుంభమునందు నిలిపి, నూతన మూర్తిని శాస్త్రోక్తముగా ప్రతిష్ఠింతురు. ఈ వివేకమునకే జీర్ణోద్ధరణమని పేరు. నేటి ప్రసంగమున ఆ మాటను గుడికి గాక యొక బండికి అన్వయింప దలచితిని. తాసీల్దారును, పశువైద్యుని, ఎన్నికల పెట్టెలను మీ యూరికి మోసికొని వచ్చిన జీపే ఆ బండి.

హైదరాబాదునకు వాయవ్యమున బొంబాయి రహదారిపై చందానగరమున్నది. ఒకప్పుడది చిన్న యూరు. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘముతో గూడ మహానగరమున గలిసినది. నేడు దాని దాపున కంప్యూటరు కంపెనీల అద్దపు మేడలు నిలిచియున్నవి. ఆ రహదారి ప్రక్క నొక రేకుల షెడ్డులో కొంతకాలము క్రిందట నేనొక పాత జీపును జూచితిని. ఇంజను దించి బల్లపై నుంచియుండిరి. బండి యజమాని ఆ మేడలలో నుద్యోగము చేయు యువకుడు. “అన్నా, దీనికి రెండింతల బలమున్న ఇంజను పెట్టు” అని యాతడు కోరెను. తలనెరసిన మేస్త్రి చేతులు గుడ్డతో దుడుచుకొనుచు, “పెట్టుడు పెడ్తా సార్, మరి ఆపేదెట్ల?” అని యడిగెను. ఆ యొక్క ప్రశ్నలో ఈ బండి చరిత్రయంతయు నిమిడియున్నదని నాకు దోచినది.

జీపు పుట్టుక యుద్ధకాలమున జరిగినది. 1940 జూలైలో అమెరికా సైన్యమువారు నాలుగు చక్రములకును ఇంజను బలమందు తేలికబండి కావలెనని 135 కంపెనీలను గోరిరి. బాంటమ్ అను చిన్న కంపెనీ కొలది వారములలో నమూనా గట్టి సెప్టెంబరులో నప్పగించెను. పిదప విల్లీస్, ఫోర్డు కంపెనీలును ఆ పనికి బూనెను. యుద్ధము ముగియునప్పటికి ఆరు లక్షలకు పైగా బండ్లు తయారైనవి. సామాన్యమైన మోటారులో ఇంజను బలము రెండు చక్రములకే పోవును. జీపులో నడుమనున్న మరియొక గేరుపెట్టె ఆ బలమును ముందు చక్రములకును పంచును. రొంపిలో దిగబడిన బండికి రెండెద్దులు చాలనపుడు ముందు మరి రెండెద్దులను గట్టుట మీరెరుగుదురు గదా! ఇదియు నట్టిదే.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి గలదు. సైన్యమువారు మెచ్చిన విల్లీసు ఇంజను క్రొత్తగా బుట్టినది గాదు. అది ఆ కంపెనీ కార్లలో నంతకుముందే యున్న నాలుగు సిలిండర్ల ఇంజను. దాని బలము 48 అశ్వశక్తి. బార్నీ రూస్ అను ఇంజనీరు దాని లోపము లొక్కొక్కటిగా దిద్ది, కొలతలు బిగించి, 60 అశ్వశక్తికి దెచ్చెను. కొలత యదే, 2,199 ఘన సెంటీమీటర్లు. బలము మాత్రము పెరిగినది. కావున జీపు పుట్టుకయే యొక పాత ఇంజను ఉద్ధరణముతో మొదలైనదని చెప్పవచ్చును.

ఇక మన దేశమునకు వత్తము. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేన షోలాపురము వైపునుండి హైదరాబాదు సంస్థానమున బ్రవేశించినది. నల్‌దుర్గము, జహీరాబాదుల మీదుగా నది తూర్పునకు సాగెను. 18వ తేదీన నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూసు, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. షోలాపురమునుండి హైదరాబాదునకు వచ్చు ఆ దారియే నేడు చందానగరము నడుమనుండి పోవుచున్నది. మరుసటి సంవత్సరము, అనగా 1949లో, బొంబాయి మజగాఁవులో మహీంద్రా కంపెనీవారు అమెరికానుండి విడిభాగములు దెప్పించి విల్లీసు జీపులను గూర్పసాగిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైనది. 1959లో పంచాయతీ సమితులు వచ్చినవి. సమితి జీపు దుమ్ము రేపుకొని వచ్చినపుడు పిల్లలు వెంట బరువెత్తిన దృశ్యము మీలో ననేకులకు జ్ఞాపకముండును. సైనికునికై పుట్టిన బండి గ్రామసేవకునిదైనది.

ఆ కాలపు మన జీపుల ముందుభాగము పాత యుద్ధపు జీపులకంటె ఎత్తుగా నుండెడిది. దీనికి కారణము అలంకారము గాదు. విల్లీసువారు తమ ఇంజనులో మరియొక మార్పు చేసిరి. గాలి, పెట్రోలు లోనికి బోవు వాల్వును ప్రక్కనుండి తీసి నెత్తిపై నుంచిరి. దాని పేరు హరికేన్. బలము 70 అశ్వశక్తిని మించినది గాని, ఇంజను పొడుగైనది. పాత మూత దానిపై మూతపడదు. అందుచే 1953లో బానెట్టునే ఎత్తుచేసిరి. ఇంజను మారినచో దాని చుట్టునున్నదియు మారవలెనని ఆనాడే తేలినది.

తరువాతి మార్పు దూరదేశమున జరిగిన యుద్ధముచే వచ్చినది. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము కారణమున ముడినూనె ధర కొలది నెలలలోనే నాలుగింతలైనది. పెట్రోలు జీపు పోషణ భారమైనది. అప్పుడు మహీంద్రావారు తమ యింటిలోనే మందు వెదకికొనిరి. వారు 1963 నుండి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అను కంపెనీతో గూడి ట్రాక్టర్లు చేయించుచుండిరి. ఆ ట్రాక్టరు డీజిలు ఇంజనునే జీపున నిలిపిరి. దుక్కిదున్ను ఎద్దును గుర్రపుబండికి గట్టినట్లని నవ్వినవారుందురు. కాని నూనె ఖర్చు తగ్గినది. 1980 దశకమున ఫ్రెంచివారి ప్యూజో డీజిలు ఇంజను వచ్చినది. సిలిండర్లు నాలుగు, ఒక్కొక్క బోరు వెడల్పు 90 మిల్లీమీటర్లు. అందుచేతనే దానిని 4.90 అనిరి. పెట్రోలు ఇంజను వేగముగా దిరిగి బలమిచ్చును. డీజిలు ఇంజను నిదానముగా దిరిగి గట్టిగా లాగును. పొలముదారికి రెండవదియే యనుకూలము. కంపెనీ చేసిన ఈ మార్పును జూచి ఊరూర మేస్త్రులును పాత పెట్రోలు జీపులలో డీజిలు ఇంజనులు వేయసాగిరి.

చిన్న జీపుకంటె పెద్దదియగు నింకొక బండి సైన్యమున నుండెను. దాని పేరు జోంగా. జబల్పూరులోని ప్రభుత్వ వాహనశాలలో జపానువారి నిస్సాన్ పెట్రోల్ అను బండి నమూనాననుసరించి 1969 నుండి 1999 వరకు దానిని తయారు చేసిరి. ఆరు సిలిండర్లు, 3,956 ఘన సెంటీమీటర్లు. బలము నూరు అశ్వశక్తికి పైమాట. కొండనైన నెక్కును గాని పెట్రోలు త్రాగుటలో దానికి సాటిలేదు. సైన్యమువారు వాడి విడిచిన జోంగాలను వేలము వేసినపుడు కొన్నవారు మొదట చేసిన పని, ఆ పెట్రోలు ఇంజను దించి లారీదో, మరియొక బండిదో డీజిలు ఇంజను వేయించుట. నేడు అసలు ఇంజనుతో నున్న జోంగా దొరకుట కష్టమగుటకు నిదియే కారణము.

ఈ బొంబాయి దారినే పడమరకు బోయినచో జహీరాబాదు వచ్చును. 1942లో హైదరాబాదున స్థాపితమైన ఆల్విన్ సంస్థ, నిస్సాన్ కంపెనీ సహాయముతో అచ్చట చిన్నలారీల కర్మాగారము గట్టినది. 1989లో దానిని మహీంద్రావారు దీసికొనిరి. 2013 నుండి ట్రాక్టర్లును అచ్చట తయారగుచున్నవి. జోంగాకు రూపమిచ్చిన కంపెనీయు, జీపునకు ట్రాక్టరు గుండెనిచ్చిన కంపెనీయు నొకే యూరిలో నిట్లు గలిసికొన్నవి.

ఇప్పుడు చందానగరపు షెడ్డునకు మరల బోవుదము. అసలు ఇంజనును నిలుపుకొన దలచినచో మేస్త్రి యేమి చేయును? ఇంజను విప్పి మొదట కొలతలు దీయును. ఏండ్ల రాపిడిచే గుండ్రముగా నుండవలసిన సిలిండరు కోలగా నరిగియుండును. అందుచే బలము జారిపోయి, నూనె మండి, వెనుక నీలిపొగ వచ్చును. లేతుపనివాడు బోరును వెడల్పుచేసి పెద్ద పిస్టను వేయును. ఇక వెడల్పునకు చోటు లేనపుడు లోపల స్లీవు తొడిగి మొదటి కొలతకే తెచ్చును. క్రాంకును సానబట్టి దానికి దగిన బేరింగులు వేయును. ఇది యంతయు నుద్ధరణమే.

అయినను కొన్నిటిని మార్చక తప్పదు. పూర్వము పెట్రోలులో సీసము గలిపెడివారు. అది వాల్వులు గూర్చుండు చోటిని అరుగుదలనుండి కాపాడెడిది. 2000 సంవత్సరమున మన దేశమున సీసపు పెట్రోలు ఆగిపోయినది. కావున పాత ఇంజనులో నా చోట గట్టి లోహపు కడియములు బిగింపవలెను. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు చేరినది; పాత రబ్బరు గొట్టములను, గాస్కెట్లను అది చెఱచును. వానినిగూడ మార్చవలెను. ఇవి గుడికప్పు వంటివి. మార్చినను మూర్తికి లోపము రాదు.

క్రొత్త ఇంజను వేయుట దీనికంటె బరువైన పని. డీజిలు ఇంజను బరువు హెచ్చు. ముందు కమానులు దానిని మోయవలెను. దాని యదురునకు చాసిస్ పగుళ్లు బారకుండ రబ్బరు దిండ్లు సరిగా నమరవలెను. నిదానముగా దిరుగు ఇంజనుకు ఇరుసులోని పండ్లచక్రముల నిష్పత్తి కుదరనిచో బండి అఱచునే గాని పరుగెత్తదు. అన్నిటికంటె ముఖ్యము బ్రేకు. బ్రేకునకు సాయపడు పీపా గలిగిన బండ్లలో పెట్రోలు ఇంజను పీల్చు గాలియే దానికి బలమిచ్చును. డీజిలు ఇంజనులో ఆ పీల్పు చాలదు. వేరుగా నొక పంపు బిగింపవలెను.

ఇది పుస్తకమున జదివిన మాట గాదు. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున ఒక యూరి పెద్ద తన పాత జీపునకు బలమైన డీజిలు ఇంజను వేయించెను. బ్రేకులు మాత్రము పాతవే. ఒకనాడు చెఱువుకట్ట దిగుచుండగా బండి యాగలేదు. నాతో గూడ నలుగురము లోపలనుంటిమి. కట్టక్రింది తుమ్మచెట్టు మమ్ము నిలిపినది. ప్రాణములు దక్కినవి గాని, డ్రైవరు కుడిమోకాలు మరల సరిగా వంగలేదు. ఇంటిల్లిపాదికి అన్నము పెట్టు మోకాలది. బండిని నడుపు బలముకంటె దానిని నిలుపు బలము ముందుగా జూడవలెనని నాటినుండి నా మతము.

చట్టమును గూడ మరువరాదు. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిదప పరీక్షకు నిలిచి ఐదేసియేండ్లకు పొడిగింపు పొందవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములకు భిన్నముగా బండిని మన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును దృఢపఱచినది. 2021లో మరియొక నియమము వచ్చినది. ఏబదియేండ్లు దాటి, చాసిస్, పైతొడుగు, ఇంజను మారక తొలిరూపముననే యున్న బండిని పురాతన వాహనముగా నమోదు చేయింపవచ్చును. కాని దానిని నిత్యవాడుకకు రోడ్డుపై ద్రిప్పరాదు. అనగా నాడు ఖర్చునకు జడిసి ఇంజను మార్చినవాడు నేడా గౌరవమును గోల్పోయినాడు. అతనిని నిందింపలేము, ఆనాడు ఆ డీజిలు ఇంజనే యాతని కమతమును నిలిపినది.

కావున పెద్దలారా, ఇంజను మార్చుట పాపమనియు, మార్చకుండుటయే పుణ్యమనియు నేను జెప్పను. జీపు చరిత్రయే మార్పుల చరిత్ర. కాని రూస్ దిద్దినను, విల్లీసువారు ఎత్తించినను, ట్రాక్టరు గుండెను దెచ్చినను, ప్రతి మార్పునకు నొక యవసరముండెను. ఆ మార్పునకు దగినట్లు తక్కిన యంగములును సరిచేయబడినవి. అవసరము లేని మార్పు ఆడంబరము. తక్కిన యంగములను మరచిన మార్పు ప్రమాదము.

మీ యూరి కార్యాలయపు వెనుక వేపచెట్టు క్రిందనో, మీ గడ్డివాము ప్రక్కనో నొక పాత జీపు పడియుండవచ్చును. దానిని ఇనుపతూకమున కమ్మకముందు బానెట్టు నెత్తి చూడుడు. ఇంజనుపై నంకెయు, పత్రమునందలి యంకెయు నొక్కటియైనచో అది అరుదైన ధనము. తెలిసిన మేస్త్రిని బిలిచి బోరు కొలిపింపుడు. ఇంజను ముందే మారియున్నచో విచారపడకుడు. బ్రేకులు చూపించుడు, పత్రము సరిచేయించుడు.

చందానగరపు యువకుడు చివరకేమి చేసెనని మీరడుగుదురు. వారము గడచిన పిదప నేనా దారిని బోవుచు షెడ్డులోనికి దొంగిచూచితిని. పాత ఇంజనుకే క్రొత్త స్లీవులు తొడుగుచుండిరి. యువకుడు నేలపై గూర్చుండి, బ్రేకుడ్రమ్ము తుప్పును తన చేతులతో గీకుచుండెను.