సాంచెల ఊరిలో టీవీ వేళలు

భివండీలో ఎవరు ఏ కార్యక్రమం చూడగలరన్నది చాలాకాలం సాంచెల (మరమగ్గాల) పాళీలే తేల్చాయి. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన ఈ పట్టణంలో నాగావ్ ఒక మరమగ్గాల పేట. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు తరాలుగా భివండీకి వలస వచ్చారు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత మిల్లులు మూతపడుతుంటే నేత పని చిన్న కార్ఖానాలకు మళ్లింది. భివండీ మరింత పెరిగింది. పద్మానగర్, కామత్‌ఘర్ వంటి పేటల్లో తెలుగు స్థిరపడింది.

ఇక్కడి పాళీ పన్నెండు గంటలు. పగటి పాళీ, రాత్రి పాళీ కార్మికుల మధ్య మారుతూ ఉంటాయి. ఒక్కో నేతగాడు నాలుగు సాంచెలో, అంతకన్నా ఎక్కువో చూసుకుంటాడు. నాడెలో నూలు కండె అయిపోతే కొత్తది పెట్టాలి, పడుగులో పోగు తెగితే సాంచె ఆపి ముడి వేయాలి. నేసిన బట్టను బట్టే కూలి కాబట్టి ఆగిన సాంచె అంటే తగ్గిన కూలి. ఆ చప్పుడులో పక్కవాడి మాటే వినిపించదు, ఇక టీవీ మాట చెప్పనక్కర్లేదు. అంటే రోజులో సగం గంటల్లో ఏది ప్రసారమైనా పాళీలో ఉన్నవాడికి లేనట్టే.

బొంబాయి దూరదర్శన్ 1972 అక్టోబర్ 2న మొదలైంది. ఒకే ఛానెల్, ఒకే వేళ. 1987 జనవరి 25న ఆదివారం ఉదయపు ‘రామాయణ్’ మొదలయ్యాక ఆ వేళకు దేశమే టీవీ ముందు కూర్చుంది. ఆ పొద్దున సాంచెల దగ్గరున్నవాడికి మాత్రం ఆ వారం భాగం పోయినట్టే. తెలుగు అయితే మరీ అరుదు. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాల వరుసలో తెలుగు వంతు వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే.

ప్రసారాన్ని దాచుకుని తర్వాత చూసే పరికరం, వీసీఆర్, అప్పటికే ఉంది. సోనీ బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్‌ఎస్ 1976లో వచ్చాయి. ఇంట్లో చూసుకోవడానికి ఇలా రికార్డు చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న 5–4 మెజారిటీతో తీర్పిచ్చింది. భారతదేశంలో వీసీఆర్ వేరే దారి పట్టింది. ఉన్న ఛానెళ్లు ఒకటి రెండే, యంత్రం ఖరీదేమో ఎక్కువ. అందుకే దాన్ని రికార్డింగుకు వాడినవారు తక్కువ. అద్దె క్యాసెట్టు తెచ్చి సినిమా చూడటానికే ఎక్కువగా వాడారు. కార్మికుల ఊళ్లలో వీడియో పార్లర్లు వెలిశాయి. రాత్రి పాళీ దిగినవాడికి పగటి ఆట ఎంతో అనుకూలం. కోరుకున్న వేళకు తెరను తెచ్చుకోవడం కార్మికులు మొదట నేర్చింది వీడియో పార్లర్లలోనే అనడం అతిశయోక్తి కాదు.

1995లో జెమిని, ఈటీవీ రాకతో వలస తెలుగువారికి తమ భాషే రోజూ ఇంటికి వచ్చింది. సొంతూరి యాసను, పండుగను, పాటను దూరాన ఉండి రోజూ వినగలగడం చిన్న విషయం కాదు. 2008లో జెమినిలో మొదలైన ‘మొగలిరేకులు’ 2013 దాకా సాగింది. ఇలాంటి డైలీ సీరియళ్లు సాయంత్రాల మీద, రాత్రుల మీద కట్టినవి. రాత్రి పాళీ ఎక్కేదీ ఆ వేళకే. ముందురోజు భాగాన్ని మర్నాడు మళ్లీ వేసే పునఃప్రసారమే ఆ పాళీవాడికి దిక్కయింది. ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు మాత్రం టీవీ పనికి అడ్డు రాలేదు. ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ కథ వినవచ్చు, కళ్లెత్తి చూడవచ్చు.

డిజిటల్ వీడియో రికార్డర్ 1999లో అమెరికాలో టివో, రీప్లే టీవీ పేర్లతో మార్కెట్టుకొచ్చింది. టేపు బదులు ఇందులో హార్డ్ డిస్కు ఉంటుంది. వస్తున్న ప్రసారాన్ని డిస్కు మీద రాస్తూనే, అంతకుముందు రాసిన భాగాన్ని అదే సమయంలో చదవగలదు. ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపి, భోజనం చేసొచ్చి ఆగినచోటు నుంచి చూడగలగడం దీనివల్లే. సీరియల్ పేరు ఒక్కసారి చెబితే ప్రతి భాగాన్నీ తనే పట్టి పెడుతుంది, ప్రకటనలను దాటించవచ్చు. ప్రకటనదారులకు ఇది పెద్ద చిక్కే. 2007లో అమెరికాలో ప్రకటనల ధరలకు కొత్త కొలత వచ్చింది. ప్రసారమైన మూడు రోజుల్లోపు రికార్డింగులో చూసిన ప్రకటనలు కూడా లెక్కలోకి వచ్చాయి.

భారత్‌లో టాటా స్కై ప్లస్ అనే డీటీహెచ్ పెట్టె 2008 అక్టోబర్‌లో ఇదే సదుపాయం తెచ్చింది. నాగావ్ లాంటి పేటకు ఎంతో అవసరమైన పరికరమే అయినా ఆ పెట్టె అక్కడి బతుకుకు ఒదగలేదు. అది సొంతిల్లు, కప్పు మీద డిష్, నెలనెలా చందా ఉన్న కుటుంబం కోసం తయారైంది. ఒకే ఖోలీలో (గదిలో) కొందరు కలిసి అద్దెకుండే చోట అవేవీ కుదరవు. పైగా రికార్డు కావాల్సిన వేళకు కరెంటు ఉండి తీరాలి. భివండీ కరెంటు కోతలతో విసిగిన ఊరు. 2007 జనవరిలో టోరెంట్ పవర్ పంపిణీ బాధ్యత తీసుకున్నాకే సరఫరా కుదుటపడుతూ వచ్చింది.

ఆ పెట్టె చేయాల్సిన పనిని ఫోను చేసింది. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలై డేటా చవకైంది. జియో టీవీ చాలా ఛానెళ్లలో గడిచిన ఏడు రోజుల కార్యక్రమాలను వెనక్కి వెళ్లి చూసే వీలిచ్చింది. రికార్డు చేయాల్సిన పనే లేదు, దాచేది కంపెనీ సర్వర్లే. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా సాగిన ‘కార్తీకదీపం’ భాగాలు హాట్‌స్టార్‌లో ఉండేవి. 2020 ఉగాదికి తెలుగుకే ప్రత్యేకంగా ఆహా ఓటీటీ వచ్చింది. రాత్రి పాళీవాడు సీరియల్ కోసం పునఃప్రసారానికి కాచుకోవాల్సిన అవసరం తీరిపోయింది. అయితే ఒకే తెర ముందు నలుగురూ కూర్చుని కథ గురించి వాదించుకోవడం తగ్గింది. ఇది నష్టమే.

వేళ చేతికొచ్చినా తీరిక మాత్రం పెరగలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం పనిని రోజుకు తొమ్మిది గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. చిన్న కార్ఖానాలు చాలావరకు ఆ చట్టం పరిధికి బయటే నడిచాయి. భివండీ నేతగాడికి టీవీకైనా, నిద్రకైనా, పిల్లలకైనా ముందు కావాల్సింది ఎనిమిది గంటల పాళీ.