సాలూరు రైలుబస్సూ, పర్లాకిమిడి చిన్నబండీ

పేపర్లో బొబ్బిలి–సాలూరు లైను మాట ఎప్పుడొచ్చినా మా ఇంట్లో కాఫీలు చల్లారిపోతాయి. మా ఆయనది లెక్కల బుర్ర. "డీజిలు, డ్రైవరు, గార్డు, పట్టాల మరమ్మతు, ఇన్ని ఖర్చులు పెట్టి పదిమంది ఎక్కే బండిని నడపడం దేనికి? ఆ డబ్బుతో అరగంటకో బస్సు వెయ్యొచ్చు" అంటారు. తప్పని అనలేను. ఇంటి ఖర్చులు రాసే పుస్తకం నా చేతిలోనే ఉంటుంది కాబట్టి, రాబడి లేని ఖర్చు ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ ఆయన మాట పూర్తయ్యేసరికి నాకు పాతపట్నంలో మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఇక ఊరుకోలేను.

ముందు సాలూరు సంగతి చెప్తాను. కరోనాకి ముందు ఒకసారి బంధువుల పెళ్ళికి వెళ్తూ ఆ రైలుబస్సు ఎక్కాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: అది రైలూ కాదు, బస్సూ కాదు. బస్సులాంటి ఒకే ఒక్క పెట్టె, పట్టాల మీద నడుస్తుంది. బొబ్బిలి నుంచి సాలూరు దాకా పద్దెనిమిది కిలోమీటర్ల చిల్లర. మామిడితోటలు, చెరువుగట్లు, మధ్యలో చిన్న చిన్న స్టేషన్లు. ఆ రోజు బండిలో ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకావిడ చోళ్ళ మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని నిద్రపోయింది. మా అబ్బాయి కిటికీ వదల్లేదు. నాకూ ఎంతో బాగుంది.

అంత బాగున్నా, తిరుగు ప్రయాణంలో మేం బస్సే ఎక్కాం. బొబ్బిలిలో దిగి మళ్ళీ విశాఖ బండి కోసం ఎంతసేపు కాచుకోవాలో తెలియదు. పిల్లాడు, పెళ్ళివాళ్ళిచ్చిన సామాను, చీకటి పడుతోంది. సాలూరు కాంప్లెక్సులో బస్సెక్కితే గొడవ లేదు. అంటే, ఎవరూ ఎక్కడం లేదని నేను బాధపడే ఆ బండిని ఎక్కనివాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ మాట మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

ఆ లైను ఎందుకలా అయిందో తెలుసుకోవాలనిపించి కొంత చదివాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవాళ్ళు విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908–09లో లైను వేశారు. బొబ్బిలి దగ్గర నుంచి సాలూరుకి కొమ్మ 1913లో పడింది. మ్యాపు చూస్తే కారణం తెలుస్తుంది. సాలూరు కొండల అడుగున ఉంది. పొట్టంగి ఘాటు మీదుగా కోరాపుట్, జయపురం వెళ్ళే దారి అక్కడే మొదలవుతుంది. ఆ రోజుల్లో కొండసరుకంతా ఘాటు దిగి వచ్చేది ఎడ్లబళ్ళ మీదే. బళ్ళు దిగేచోట రైలుంటే బావుంటుందని ఎవరికైనా తోస్తుంది.

అయితే రాయపూర్ దాకా లైను పూర్తయ్యేసరికి (1931లో) అది పార్వతీపురం, రాయగడల మీదుగా పోయింది. సాలూరు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. 1960లలో కొత్తవలస–కిరండోల్ లైను వచ్చి కోరాపుట్‌కి వేరే దారిన రైలు చేరింది. ఆ లైను వేసిందీ మనుషుల కోసం కాదు, బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి తెచ్చి జపాన్ పంపడానికి. అరకు వెళ్ళేటప్పుడు అద్దాల పెట్టెలో కూర్చుని ఫొటోలు తీసుకుంటామే, ఆ పట్టాల ఖర్చు ఇనుపరాయి కట్టింది. మనం దాని మీద చుట్టాలం. సాలూరుకి అలాంటి రాయి ఏదీ దొరకలేదు. ఊరివాళ్ళు లారీలు కొనుక్కున్నారు. ఇప్పుడు సాలూరంటే అందరికీ లారీలే గుర్తొస్తాయి. ఏ సరుకు కోసం లైను వచ్చిందో ఆ సరుకు రోడ్డెక్కేసింది.

2020 మార్చిలో దేశమంతా ప్యాసింజర్లు ఆగినప్పుడు ఆ రైలుబస్సూ ఆగింది.

ఇంతవరకూ కథ మా ఆయన పక్షానే ఉంది. ఇప్పుడు మా అమ్మమ్మ బండి దగ్గరకి వస్తాను.

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ అని ఒక జంక్షన్. ఉప్పుమళ్ళకి పేరు. అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి ఒక లైనుంది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు తమంతట తాము వెయ్యలేదు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి, పెద్దలైను తన ఊరికి ఇరవై అయిదు మైళ్ళ దూరంలో పోతుంటే చూస్తూ ఊరుకోలేక, 1898లో అనుమతి తెచ్చుకుని ఏడు లక్షల రూపాయలతో వేయించుకున్నాడు. 1900 ఏప్రిల్ 1న బండ్లు మొదలయ్యాయి. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. ఇప్పుడు మనం ఎక్కే బండ్లకి అయిదున్నర అడుగులుంటుంది. పక్కపక్కన నిలబెడితే తల్లీపిల్లల్లా ఉంటాయి. మా ఇంట్లో దాన్ని చిన్నబండి అనేవాళ్ళు.

నన్ను ఆపిన సంగతి ఏమిటంటే, ఆ చిన్నబండి మొదటి పదేళ్ళూ నష్టాల్లోనే నడిచింది. 1910 ప్రాంతంలో కాస్త లాభం కనిపించింది. 1924–25 తర్వాతే చెప్పుకోదగ్గ రాబడి. ఆ ధైర్యంతో లైనును గుణుపూర్ దాకా పొడిగించారు, 1929లో కొంత, 1931లో మిగతాది. అంతా కలిపి తొంభై కిలోమీటర్లు. 1909లో ఎవరైనా ఖాతా పుస్తకం తెరిచి "దండగ, ఎత్తెయ్యండి" అని ఉంటే ఆ రోజు అంకెలు ఆయన మాటే నిజమనేవి. రాజుగారిది పరువు కోసం పట్టుదలా, ముందుచూపా అన్నది నేను తేల్చలేను. రెండూ ఉండే ఉంటాయి. మనింట్లో కొబ్బరిచెట్టు నాటిన ఏడాదే కాయలు లెక్కపెట్టం కదా.

ఇంకొకటి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. చిన్నబండి మొదలైన తారీఖే. పర్లాకిమిడి ఊరు, గుణుపూర్ అటు వెళ్ళాయి. పాతపట్నం, టెక్కలి, నౌపడ ఇటు ఉండిపోయాయి. వాడుక భాష కోసం పోరాడిన మా గిడుగు రామ్మూర్తి పంతులుగారు (బి.ఎ. తెలుగు చదివినదాన్ని, మా అనకుండా ఎలా ఉంటాను!) 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరి, అక్కడే సవర భాష నేర్చుకుని, యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు ఒరిస్సాలో కలవడం సహించలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. మనుషుల్ని విడదీసిన గీత ఆ పట్టాలను విడదీయలేదు. బండి గీత దాటి వెళ్తూ, వస్తూనే ఉంది. పాతపట్నంవాళ్ళకి పర్లాకిమిడి పక్క వీధిలాంటిది. బట్టలు అక్కడ, డాక్టరు అక్కడ, సగం వియ్యాలు అక్కడ. మా మావయ్య పెళ్ళి సంబంధం కూడా పర్లాకిమిడిదే.

చిన్నప్పుడు వేసవి సెలవులకి విశాఖలో ప్యాసింజరెక్కి నౌపడలో దిగి, చిన్నబండి కోసం కాచుకునేవాళ్ళం. అమ్మ డబ్బాలో పులిహోర తెచ్చేది. పెట్టెల్లో కొండ నుంచి దిగిన ఆడవాళ్ళు, చింతపండు బుట్టలు, కోళ్ళు. బండి ఎంత నెమ్మదంటే, మావయ్య "దిగి పళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కొచ్చు" అని మమ్మల్ని ఊరించేవాడు. ఎప్పుడూ దిగనివ్వలేదు.

2004 జూన్‌లో చిన్నబండి ఆగింది. ఈసారి మూసెయ్యడానికి కాదు, పెద్దలైను వెయ్యడానికి. గుణుపూర్ దాకా పెద్దబండి వెళ్ళేసరికి 2011 అయింది.

ఆ ఏడేళ్ళ గురించే నేను మా ఆయనతో వాదించేది. అమ్మమ్మకి బస్సు పడదు. ఎక్కిన పది నిమిషాలకి కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ పట్టుకున్నా, అల్లం నమిలినా లాభం లేదు. చిన్నబండి ఉన్నన్నాళ్ళూ ఏడాదికి రెండుసార్లు గాజువాక వచ్చేది, సంక్రాంతి అయ్యాక ఒకసారి, ఆవకాయ రోజుల్లో ఒకసారి. బండి ఆగాక ఆ ఏడేళ్ళలో ఒక్కసారే వచ్చింది, మా పాప పుట్టినప్పుడు. టెక్కలి దాటేసరికే వాంతులయ్యి, రెండు రోజులు మంచం దిగలేదు. పాపను ఒళ్ళో పెట్టుకుని "ఇక నానెక్కడికీ రాలేనే గుంటా, మీరే రండి" అంది. మేం వెళ్ళాం, కానీ అనుకున్నన్ని సార్లు వెళ్ళలేదు. పిల్లల బడులు, అత్తయ్యగారి ఆరోగ్యం, ఏదో ఒకటి. 2010లో అమ్మమ్మ పోయింది. పెద్దబండి చూడలేదు.

పెద్దలైను వెయ్యకూడదని నేను అనను. వెయ్యాల్సిందే. నేనడిగేది ఒక్కటే. ఆ ఏడేళ్ళలో ఎవరైనా వచ్చి "బస్సులున్నాయి కదా, జనం వెళ్తూనే ఉన్నారు కదా" అని లెక్క తీస్తే, వెళ్ళడం మానుకున్నవాళ్ళు ఆ లెక్కలో ఎక్కడ కనిపిస్తారు? బస్సులో కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టగలరు. ఇంట్లో ఉండిపోయిన మా అమ్మమ్మకి టిక్కెట్టు లేదు.

మొత్తానికి పీకేస్తే ఏమవుతుందో చెప్పడానికి గోదావరి దగ్గర కోటిపల్లి లైనుంది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్లు, 1928లో వేశారు. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. యుద్ధం అయిదేళ్ళలో ముగిసింది. పట్టాలు మళ్ళీ పడేసరికి 2004 అయింది, అదీ అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగిగారు పట్టుబట్టి కదిపితే. ఆయన 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, బండి చూడలేదు. ఊడదీయడానికి కొన్ని నెలలు, తిరిగి వెయ్యడానికి అరవై నాలుగేళ్ళు. ఇంత చేసి అక్కడా నడిపింది మళ్ళీ రైలుబస్సే!

ఇంగ్లండులో 1963లో బీచింగ్ అనే ఆయన ఇలాగే లెక్క వేసి, రెండువేలకు పైగా స్టేషన్లు, అయిదువేల మైళ్ళ లైను ఎత్తెయ్యమన్నాడు. చిన్నలైను పోయినా జనం కారులో పెద్ద స్టేషనుకొచ్చి రైలెక్కుతారనుకున్నారు. కారెక్కినవాళ్ళు చాలామంది కారులోనే పోయారు. ఇప్పుడు వాటిలో కొన్ని మళ్ళీ వేసుకుంటున్నారు. ఎడింబరో నుంచి దక్షిణానికి 1969లో మూసిన లైనులో ఒక ముక్క 2015లో తెరిచారు.

మా ఆయన దగ్గర ఇంకో బాణం ఉంది. "2025 ఆగస్టు 15 నుంచి మీకు బస్సే ఉచితమాయె. ఇక రైలు టిక్కెట్టు ఎవరు కొంటారు?" ఇది గట్టి మాటే. కరోనా తర్వాత ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్సులని పేరు మార్చి, పది రూపాయల టిక్కెట్టు ముప్ఫై చేసి, 2024 ఫిబ్రవరిలో కానీ మళ్ళీ పదికి తేలేదు. ఆ నాలుగేళ్ళలో అలవాటు తప్పినవాళ్ళు ఎందరో. ఇప్పుడు ఉచిత బస్సు. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్ల చేతిలో ఆధార్ కార్డుతో బస్సెక్కుతుంది, నేనూ ఎక్కుతాను. కానీ ఆ ఉచితం మన రాష్ట్రం లోపలే. పాతపట్నం దాటి పర్లాకిమిడి ఆసుపత్రికి వెళ్ళాలంటే వర్తించదు. పైగా అరవై దాటినవాళ్ళకి, షుగరున్నవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి బస్సులో నాలుగు గంటలు ఎలా ఉంటుందో, పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా ప్రయాణం చేసిన ఏ ఆడదాన్నైనా అడగండి. ప్యాసింజరులో కనీసం బాత్‌రూముంది, లేచి నాలుగడుగులు వేసే జాగా ఉంది.

అయినా సరే, సాలూరు రైలుబస్సును అలాగే మళ్ళీ నడపమని నేను అడగను. ఒంటి పెట్టె, బొబ్బిలిలో దింపేసి మీ తిప్పలు మీరు పడండి అంటే, నేను పడలేదు, ఇంకెవరు పడతారు? నౌపడలో చిన్నబండి కోసం కాచుకున్నది సెలవుల్లో పిల్లలం కాబట్టి. అదే లైను మీద ఇప్పుడు విశాఖ నుంచి గుణుపూర్ దాకా నేరుగా ప్యాసింజరుంది, మధ్యలో దిగక్కర్లేదు. పండగల్లో నిలబడ్డానికి చోటుండదు. ఊళ్ళు అవే, దారి అదే. సాలూరు నుంచి కూడా బండి మారకుండా విజయనగరం, విశాఖ చేరే బండి పొద్దునొకటి, సాయంత్రం ఒకటి కొన్నేళ్ళు నడిపి, అప్పుడు చెప్పమనండి జనం ఎక్కుతున్నారో లేదో. అప్పటికీ ఎక్కకపోతే మా ఆయన గెలిచినట్టే, కాఫీ నేనే పెడతాను. అంతవరకూ పట్టాల జోలికి మాత్రం పోవద్దు.

ఇదంతా రాస్తుండగా పాతపట్నం నుంచి పిన్ని ఫోను. ఆదివారం గుణుపూర్ ప్యాసింజరులో వస్తోందట. పనసకాయ తెస్తోంది, ఆటోవాడు ఎక్కించుకోడు, ఎవరైనా స్టేషనుకి రండంది. ఫోను మా ఆయనకిచ్చాను. "ఏ పెట్టెలో ఎక్కుతున్నావో చెప్పు పిన్నీ" అంటున్నారు.