బుసకొట్టే హక్కు

వేదిక మీద ఒకడు, ఎదురుగా వేలమంది. నచ్చితే చప్పట్లు సరే, నచ్చకపోతే ఏం చేయాలి? గుంపులోంచి లేచి నోరు విప్పినవాడు ముందుగా దొరికిపోతాడు. ఈ చిక్కుకు ప్రాచీన ఏథెన్స్ ప్రేక్షకులకు తెలిసిన ఉపాయం బుస. పళ్ల మధ్య నుంచి గాలి వదిలితే చాలు, ఎవరు చేశారో పక్కవాడికీ తెలియదు. సామాన్యుడికి ఇంత గొప్ప ఆయుధం మరొకటి దొరకలేదనే నా నమ్మకం.

ప్లేటోకు మాత్రం ఇది సహించలేదు. పూర్వం బెత్తం చూపితే గుంపు నోరు మెదిపేది కాదనీ, ఇప్పుడు ఈలలే తీర్పులయ్యాయనీ తన ‘లాస్’ గ్రంథంలో బాధపడ్డాడు.

బెత్తాలు ఆ చప్పుడును ఆపలేకపోయాయి. అది రోముకూ చేరి, నటులను దాటి నాయకుల మీదికి మళ్లింది. క్రీ.పూ. 51లో హోర్టెన్సియస్ అనే మహావక్త, తప్పు చేశాడని ఊరంతా నమ్మిన బంధువును కోర్టులో గెలిపించాడు. ఆ వెంటనే నాటకశాలకు వెళ్తే జనం హోరెత్తించారు. ముసలితనం దాకా ఒక్క బుసా వినని మనిషి, జీవితానికి సరిపడా ఒకేసారి విన్నాడని సిసిరోకు మిత్రుడొకరు ఉత్తరం రాశాడు.

అయినా బుస తప్పా, హక్కా? ఆ ప్రశ్నను కోర్టు దాకా తీసుకెళ్లింది ఒక అగ్నిప్రమాదం. 1808లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాల కాలిపోయింది. మళ్లీ కట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి నిర్వాహకుడు, ప్రధాన నటుడు అయిన జాన్ కెంబుల్ టికెట్ల ధర పెంచాడు. నేల టికెట్టు మూడున్నర షిల్లింగుల నుంచి నాలుగైంది. 1809 సెప్టెంబర్ 18న ‘మేక్‌బెత్’తో తెర లేచింది. బుసలు, పిల్లికూతలు, కేకల మధ్య ఒక్క మాటా వినపడలేదు. పాత ధరే కావాలని జనం పట్టు.

కెంబుల్ లెక్కలు తనిఖీ చేయించి చూపాడు. ఎవరూ నమ్మలేదు. డేనియల్ మెండోజా వంటి పేరున్న ముష్టియోధులను కూలికి దింపాడు. గుంపు ఇంకా మండిపడింది. రాత్రి తర్వాత రాత్రి గంటలు, గిలకలు, బూరలతో వచ్చి, బల్లల మీద గంతులు వేశారు. జీతం లేని ఈ పనిని దాదాపు 3 నెలలు విడవకుండా చేశారంటే ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

చివరికి నాటకశాల ఉద్యోగి బ్రాండన్ చేసిన పొరపాటు కథను మలుపు తిప్పింది. టోపీకి ‘ఓపీ’, అంటే పాత ధరలు, అన్న అక్షరాలు పెట్టుకున్న హెన్రీ క్లిఫర్డ్‌ను అతను పట్టించాడు. క్లిఫర్డ్ న్యాయవాది! అన్యాయంగా నిర్బంధించారని దావా వేశాడు. ఆ క్షణాన మనసుకు తోచినట్టు చప్పట్లు కొట్టడానికీ బుసకొట్టడానికీ ప్రేక్షకుడికి హక్కుందని న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఒప్పుకున్నాడు. ముందే కూడబలుక్కుని ఆట చెడగొట్టడం మాత్రం నేరమన్నాడు. జ్యూరీ ఆయన మొగ్గును పక్కనపెట్టి క్లిఫర్డ్‌కు 5 పౌండ్ల పరిహారం ఇప్పించింది.

డిసెంబరులో కెంబుల్ క్షమాపణ చెప్పాడు. బాక్సుల ధర పెరిగినట్టే ఉండిపోయింది కానీ నేల టికెట్టు మూడున్నర షిల్లింగులకు దిగింది. బ్రాండన్‌ను తొలగించాక, నేల జనం ‘మాకు తృప్తి కలిగింది’ అని రాసిన పలక ఎత్తిపట్టారు.